బానెట్ మీద రెండు చరుపులు

నా ఆఫీసు బల్ల సొరుగు తెరిచినప్పుడల్లా పాత గ్రీజు వాసన కొడుతుంది. కాగితాలకి పట్టింది, పెన్సిళ్ళకి పట్టింది, ఒకోసారి మధ్యాహ్నం తినే మామిడి ముక్కలకి కూడా పట్టిందేమో అనిపిస్తుంది. దానికి కారణం ఒక మూల పాత బనీను గుడ్డలో చుట్టి పెట్టిన ఇనుప ముక్క. అరచేతిలో ఇమిడేంత గుండ్రటిది, మధ్యలో వేళ్ళతో పట్టి తిప్పే పిడి ఉంటుంది, కుడికి తిప్పితే టక్కుమని పడుతుంది. జీపు ముందు చక్రానికి బిగించే హబ్బు అది. నేను యాంగాన్‌లో ఒక సహాయ సంస్థలో బళ్ళ విభాగం చూస్తాను. వరదలప్పుడూ తుపానులప్పుడూ పల్లెలకి బియ్యం, మందులు మోసే డ్రైవర్లకి, తారు రోడ్డు అయిపోయాక బండి ఎలా నడపాలో నేర్పడం నా పని. ఈవిడేం నేర్పుతుందని మొదటి రోజు అందరూ మొహమొహాలు చూసుకుంటారు, రెండో రోజు బురదలోకి దిగాక ఎవరి చక్రం వాళ్ళు చూసుకుంటారు. ఇప్పటి బళ్ళలో సీటులో కూర్చునే ఒక మీట తిప్పితే ముందు చక్రాలు కూడా లాగడం మొదలెడతాయి. నా చిన్నప్పుడు అలా కాదు. బండి ఆపి, దిగి, చక్రం దగ్గర వంగి, రెండు వైపులా చేత్తో తిప్పాలి. పదేళ్ళ వయసులో ఒకే ఒక్కసారి నేను వంగలేదు, దాని గురించే రాస్తున్నాను.

మాది పజుండౌంగ్ కాలవ పక్క వీధి. మా ముత్తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చి ఉండిపోయాడట. మా మామ్మ బతికినన్నాళ్ళూ ఈ ఊరిని రంగం అనే పిలిచింది. బర్మా చుట్టలు మరీ లావు, అడ్డపొగకి నోట్లో పట్టవు అని సణుగుతూ, వాటిని విప్పి సన్నగా మళ్ళీ చుట్టుకుని, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే సైక్కా రిక్షాల వాళ్ళందరినీ పేరుపేరునా పలకరించేది. కాలవ మీద పడవలు, అవతల బియ్యం మిల్లుల ఊక పొగ, వీధి పొడుగునా చిన్న చిన్న షెడ్లలో సుత్తి చప్పుళ్ళు, వెల్డింగు మెరుపులు. మేం ఆడపిల్లలం తొక్కుడుబిళ్ళ ఆడితే మాకు బిళ్ళ అంటే పాత వాషరే, ఆట అయ్యేసరికి కాళ్ళకీ చేతులకీ నూనె మరకలు పడేవి, అమ్మ కిరసనాయిల్ గుడ్డతో తుడుస్తూ తిట్టేది. ఎండలు ముదిరి పడౌక్ చెట్లు పసుపు పచ్చగా పూసేసరికి తింజాన్ నీళ్ళ పండగ వచ్చేది. నాలుగు రోజులు ఎవరి ఒంటి మీదా పొడి బట్ట ఉండేది కాదు. వీధిలో పెద్ద మూకుడు పెట్టి, బియ్యప్పిండి ఉండల్లో బెల్లం ముక్క కూరి మరిగే నీళ్ళలో వేసి, తేలినవాటిని తేలినట్టు తీసి, కొబ్బరి కోరు చల్లి పంచేవారు. ఏదో ఒక ఉండలో బెల్లానికి బదులు పచ్చిమిరపకాయ పెట్టడం ఇక్కడి అల్లరి. అది ఎవరికి వచ్చినా కెవ్వుమనేవారు, ఒక్క సిమ్మాద్రి మావ తప్ప. ఆయన కళ్ళలో నీళ్ళు కారుతున్నా నమిలి మింగి, "బెల్లమేనర్రా, ఎంత బాగుందో" అనేవాడు. మేం నమ్మి ఇంకో ఉండకి ఎగబడేవాళ్ళం.

సిమ్మాద్రి మావ మాకు చుట్టం కాదు, అయినా చుట్టాల కంటే ఎక్కువ. మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఆయన షెడ్డు. యుద్ధం నాటి జీపులు ముక్కలు ముక్కలుగా దొరికితే, ఒకదాని కాళ్ళు ఇంకోదానికి తగిలించి నడిపించగల మనిషి. మా అయ్య రాములు నడిపే జీపు అలా పుట్టినదే. వారం రోజులు షెడ్డులో పడి ఉండి, అయ్యా మావా కలిసి దాన్ని నిలబెట్టారు. మాట పట్టింపు వచ్చి రెండు రోజులు మాట్లాడుకోకపోయినా, పనిముట్లు మాత్రం ఒకరి చేతిలోంచి ఒకరికి అందుతూనే ఉండేవి. హబ్బులు మావ ఎక్కడో సంపాదించి బిగించాడు. మంచి రోడ్డు మీద వాటిని వదులు చేసి పెడితే ముందు ఇరుసు తిరక్కుండా పెట్రోలు కలిసొచ్చేది. కోటా పెట్రోలు రోజులవి, ఒక్కో చుక్కకీ లెక్కే. చెడ్డ దారి వచ్చినప్పుడు మాత్రం రెండూ బిగించాలి. ఒకటి బిగించి ఒకటి మరిస్తే రెండూ మరిచినట్టే, బలమంతా వదులుగా ఉన్న వైపే తిరిగి ఊరికే పోతుంది. ఈ సంగతి మావ నాకు ఐదేళ్ళ వయసులోనే నేలమీద బొగ్గుతో బొమ్మ గీసి చెప్పాడు.

అయ్య బండి పెగూ వైపు కొండల కింది పల్లెలకి వెళ్ళేది. మఠాలకి దానాలు, పెళ్ళి సామాన్లు, పురుటి మనిషి, ఏదైనా సరే. బడి సెలవుల్లో నన్ను తీసుకుపోయేవాడు. ఆయన దగ్గర చదువు లేదు గానీ నేల గురించి ఆయనకి తెలిసినంత నాకు ఇప్పటికీ తెలీదు. కాలితో నడిచి చూడని చోట చక్రం పెట్టకూడదు. నీళ్ళు కనిపిస్తే కర్ర గుచ్చి లోతు చూడాలి, కర్రకి అంటిన మట్టిని వేళ్ళతో నలిపి అడుగు ఎలాంటిదో చూడాలి. గేరు ఎత్తు మొదట్లోనే వేసుకోవాలి, మధ్యలో మార్చకూడదు. ఎత్తు ఎక్కితే నిటారుగా ఎక్కాలి, అడ్డంగా పోకూడదు. ఆగిపోతే తిప్పబోకుండా రివర్సులో ఎలా వెళ్ళామో అలాగే దిగాలి. స్టీరింగు పట్టుకున్నప్పుడు బొటనవేళ్ళు లోపల పెట్టకూడదు, చక్రం రాయికి తగిలి విదిలిస్తే విరుగుతాయి. మనుషుల్ని దింపకుండా ఎత్తు ఎక్కకూడదు. నేనివాళ మా డ్రైవర్లకి నేర్పేది ఇదే, కాస్త ఆఫీసు భాషలో.

హబ్బులు తిప్పడం మాత్రం నా పని. నేను పట్టుబట్టి సంపాదించుకున్న పని అది. అయ్య దారి నడిచి చూసి వచ్చేలోపు నేను కుడి చక్రం దగ్గర కూర్చుని టక్కుమనే దాకా తిప్పి, లేచి బానెట్ మీద ఒకసారి చరిచేదాన్ని, అటు వెళ్ళి ఎడమది తిప్పి ఇంకోసారి చరిచేదాన్ని. రెండు చరుపులూ వినపడే దాకా అయ్య గేరు ముట్టేవాడు కాదు, వినపడ్డాక ఇక దిగి చూసేవాడూ కాదు. ఒకసారి ఎవరో ప్రయాణీకుడు, పిల్ల మీద వదిలేస్తావేం, నువ్వే చూసుకోరాదా అంటే, "అది సరిసినాక నాను సూడ్డం ఎందుకు" అన్నాడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు, అంత సంతోషం.

ఇంత సంతోషం పెట్టుకుని అలాంటి పని ఎలా చేశానో చెప్పాలంటే బడి సంగతి చెప్పాలి. ఇంట్లో నేను నూకాలు, బడిలో తందా. మా వాళ్ళందరికీ ఇలా రెండేసి పేర్లు. బడిలో మిగతా పిల్లల కన్నా నేను నల్లన, బుగ్గలకి తనకా గంధం ఎంత దట్టంగా రాసుకున్నా మెడ దగ్గర తెలిసిపోయేది. ఖిన్ ఖిన్ అనే అమ్మాయి నాతో స్నేహం చేసింది. వాళ్ళది పెద్ద ఇల్లు, వాళ్ళమ్మ డో తిన్ బట్టల కొట్టు నడిపేది. ఖిన్ ఖిన్ తనకి చిన్నవైపోయిన ఎర్ర ముఖమల్ చెప్పులు నాకిచ్చింది. అలాంటివి నేనెప్పుడూ తొడగలేదు. ఇంట్లో మంచం మీద కూర్చుని తొడుక్కుని చూసుకునేదాన్ని, నేల మీద పెట్టడానికి మనసొప్పక. ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు డో తిన్ ఒక పల్లె మఠానికి బియ్యం, కాషాయ బట్టలు దానమివ్వడానికి మా జీపే మాట్లాడుకుంది. ఖిన్ ఖిన్ నన్ను పక్కన కూర్చోమంది. నేను ఆ చెప్పులు తొడుక్కున్నాను.

ఊరు దాటాక పెగూ దారిలో నాట్ దేవత గుడి ముందు అయ్య బండిని మూడుసార్లు ముందుకీ వెనక్కీ కదిపి దండం పెట్టించాడు, ఇక్కడ డ్రైవర్లందరూ చేసేదే. మా పద్ధతి కూడా పోకూడదని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఖిన్ ఖిన్ నవ్వింది. నిమ్మకాయలు వృథా అంది. నేనూ నవ్వాను. అయ్య నావైపు ఒకసారి చూసి బండి ముందుకి పోనిచ్చాడు. నా సిగ్గులేనితనం అక్కడే మొదలైంది, ఆ నవ్వు దగ్గరే.

తారు రోడ్డు వదిలి ఎర్రమట్టి దారిలో పడి, పొద్దు నడినెత్తికి వస్తుండగా ఒక ఎత్తు దగ్గర ఆగాం. ముందురోజు వాన పడింది. ఎత్తుకి ఒక పక్కన వాన నీళ్ళు కోసిన గాడి ఉంది. అయ్య అందర్నీ దింపి, లుంగీ పైకి దోపుకుని, చెప్పులు విడిచి, కర్ర పట్టుకుని అడుగడుగూ నొక్కి చూసుకుంటూ పైకి నడిచాడు. డో తిన్ గొడుగు కింద నిలబడి, మీ నాన్న ఏం పారేసుకున్నాడమ్మా, వెతుకుతున్నాడు అంది. అందరూ నవ్వారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, హాస్యానికే అంది. కానీ ఆ ఎర్ర బురదలో ఆ నల్లటి కాళ్ళు, ఆ ఎగదోపిన లుంగీ, అవి మా అయ్యవి కాకపోతే బాగుండునని నాకనిపించింది. నలభై ఏళ్ళ తరవాత కూడా ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ అనిపించింది. సరిగ్గా అప్పుడే ఆయన పైనుంచి తెలుగులో కేకేశాడు.

"ఒలే నూకాలూ! హబ్బులు తిప్పీయే!"

కుడి చక్రం గడ్డి మీద ఉంది, తిప్పాను. ఎడమ చక్రం చీలమండ లోతు బురదలో ఉంది. ముఖమల్ చెప్పులు చూసుకున్నాను. చెప్పులు విప్పచ్చు, ఆ మాట తోచలేదని అబద్ధం చెప్పను. ఖిన్ ఖిన్ ముందు వట్టి కాళ్ళతో ఆ బురదలోకి దిగి చక్రం పక్కన కూర్చుంటే నేను తందాని కాను, లుంగీ దోపుకున్న ఆ మనిషి కూతుర్ని. గడ్డి మీదే నిలబడి బానెట్ మీద ఒకసారి చరిచాను. కాసేపాగి, అటు వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ మనసులో లెక్కపెట్టుకుని, ఇంకోసారి చరిచాను.

అయ్య దిగి వచ్చాడు, ఎక్కి కూర్చున్నాడు, నావైపు తల ఊపాడు. బండి నిటారుగా ఎత్తు ఎక్కింది. సగం దాకా బాగానే పోయింది. అక్కడ వెనక చక్రాలు జారి గిర్రున తిరగడం మొదలెట్టాయి, ముందు చక్రాలు మాత్రం ఊరికే నిలబడి చూశాయి. ఆయన చెయ్యాల్సినవన్నీ చేశాడు. తిప్పలేదు, తొందరపడలేదు, రివర్సు వేసి నెమ్మదిగా వెనక్కి వదిలాడు. కానీ వెనక భాగం పక్కకి జరిగి గాడిలోకి దిగింది, జీపు నిదానంగా ఎడమ వైపుకి ఒరిగి పడుకుంది. యుద్ధం నాటి అమెరికా జీపు కదా, ఆయన కూర్చునేదీ ఎడమ వైపే. ఎడమ కాలు మోకాలి కింద బండి అంచుకి చిక్కింది. ఆయన అరవలేదు, "గుంట ఏదీ, దూరంగా ఉందా" అని నా గురించే అడిగాడు.

పల్లె నుంచి మనుషులు పరిగెత్తుకొచ్చి వెదురు బొంగులేసి బండిని లేవదీశారు. ఆయన్ని చాప మీద పడుకోబెట్టి అందరూ చుట్టూ మూగారు. అప్పుడు నేను చేసిన పని మొదటి దాని కన్నా నీచమైనది. ఎవరూ చూడడం లేదని చూసుకుని, బురదలోకి చెప్పులతోనే దిగి, ఎడమ చక్రం పక్కన కూర్చుని, హబ్బు తిప్పాను. టక్కుమంది. ముఖమల్ అంతా బురదై, కాళ్ళు బయటికి రాక అక్కడే ఏడుస్తూ కూర్చుంటే ఖిన్ ఖిన్ వచ్చి భుజం మీద చెయ్యేసి, ఏడవకు, అమ్మకి చెప్పి వేరే చెప్పులు ఇప్పిస్తాను అంది.

జీపుని ఈడ్చుకొచ్చి మావ షెడ్డులో పెట్టారు. రెండు హబ్బులూ బిగించే ఉన్నాయని డ్రైవర్లందరూ చూశారు. బిగించి ఉన్నా లాగలేదంటే లోపల పని సరిగ్గా లేదన్నమాటే, వానల ముందు వాటిని విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించే ఆ పని వారం కిందటే మావ చేతుల మీదుగా జరిగింది. ఆయన రెండూ విప్పి, కిరసనాయిల్‌లో కడిగి, పళ్ళూ స్ప్రింగూ వేలితో తడిమి చూశాడు. పిండికట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని అయ్య ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"ఇందల ఏటీ నేదు రాములూ" అన్నాడు మావ. తరవాత నావైపు తిరిగాడు. "అమ్మా, నిజం సెప్పు. రెండూ తిప్పినావా?"

నేను నోరు తెరిచే లోపు అయ్య లేవబోయి లేవలేక, "గుంటని అడగతావేటి! అది రెండు సార్లు సరిసింది. నా సెవులతో ఇన్నాను" అన్నాడు.

నేను తల ఊపాను. మావ గుడ్డతో చేతులు తుడుచుకుని, "అయితే నాదే తప్పు" అన్నాడు. పచ్చిమిరపకాయ కొరికి బెల్లమన్న గొంతే.

ఆ తరవాత ఆ షెడ్డుకి బళ్ళు రావడం తగ్గింది. ఎవరూ ఏమీ అనలేదు, పక్క షెడ్డుకి పోయారంతే. ఏడాది తిరక్కుండా మావ షెడ్డు వదిలేసి ఊళ్ళోనే అవతలి పేట సంచౌంగ్ వెళ్ళిపోయాడు, అక్కడ సైక్కాలకి పంక్చర్లు వేసుకుని బతికాడని విన్నాం. మా అయ్య కాలు మళ్ళీ పూర్తిగా వంగలేదు. జీపు చేతులు మారింది, ఆయన ఒక బియ్యం కొట్లో సంచులు చూసుకునే పనికి కుదిరాడు. కూర్చున్నప్పుడల్లా ఆ కాలు నిటారుగా ముందుకి చాపుకునేవాడు, వచ్చేపోయేవాళ్ళు దాన్ని దాటుకుంటూ పోయేవారు. నా మీద ఒక్కసారీ విసుక్కోలేదు. మావ పేరెత్తితే మాత్రం, "సొంత మనిషని నమ్మినాను" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా కంచం తీసుకుని వంటింట్లోకి పోయేదాన్ని. రేపు చెప్తాను అనుకునేదాన్ని. చదువయ్యాక చెప్తాను, పెళ్ళయ్యాక చెప్తాను. ఆయన ఒళ్ళు బాగోలేదు, ఇప్పుడెందుకు అనుకున్నాను. ఆయన పోయాడు. పదో రోజున మావ వచ్చి, మేం అప్పుడుంటున్న మేడ మెట్ల కిందే నిలబడి, పైకి రాకుండా వెళ్ళిపోయాడు. నేను పైనుంచి చూశాను, పిలవలేదు.

ఇది జరిగి ఏడేళ్ళు. కిందటి వానాకాలం, ఒక కుర్ర డ్రైవరు చక్రాలు చూశానని నాతో అబద్ధం చెప్పాడు. నలుగురి ముందూ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి ఇంటికెళ్ళాక నా మొహం అద్దంలో చూసుకోలేకపోయాను. మర్నాడు సెలవు పెట్టి సంచౌంగ్ వెళ్ళాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆయన కూతురు తలుపు తీసింది. మావ కిటికీ పక్కన పేము కుర్చీలో ఉన్నాడు, బాగా చిక్కిపోయాడు, చేతులు మాత్రం అవే.

"నాను నూకాల్ని మావా, రాములు కూతుర్ని."

"తెలుసు. కూసో."

కూర్చోకుండానే చెప్పేశాను. చెప్పులు, బురద, రెండో చరుపు, ఆ తరవాత దొంగతనంగా తిప్పడం, అంతా. తెలుగులో మొదలెట్టి సగంలో బర్మాలోకి జారిపోయాను, ఆ మాటలు నాకు తెలుగులో చెప్పే ధైర్యం లేదు. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఏ పక్కది?" అన్నాడు.

"ఎడమది."

కూతురితో మంచం కిందనుంచి బిస్కత్తు డబ్బా తీయించాడు. అందులో బనీను గుడ్డల్లో చుట్టి రెండు హబ్బులు. జీపు అమ్మేటప్పుడు ఈ పాడు ముక్కలు నా బండికి వద్దని అయ్య తీయించేస్తే ఈయన పెట్టుకున్నాడట. "ఏది పాడో తెలక రెండూ ఉంచినాను. పండగలకి పండగలకి ఇప్పడం, తుడవడం, బిగించడం. ఏటీ నేదు. ఏటీ నేని కాడ ఏటి దొరుకుతాది" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే నాకు సులువుగా ఉండేది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"మీ అయ్యకి సెప్పినావా?"

"లేదు మావా."

"మరి ఇప్పుడు ఎవులికోసం సెప్తన్నావే?"

నేను వంగాను. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు. ఎడమ హబ్బు గుడ్డతో సహా నా చేతిలో పెట్టి, "తీసుకుపో. దీన్ని నానింక ఇప్పక్కర్నేదు" అన్నాడు. రెండోది మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టుకుంటూ, "ఇది నాకాడే ఉండనీ. ఇది బాగానే పని సేసింది" అన్నాడు. కూతురు టీ తెచ్చింది. తాగి మెట్లు దిగి వచ్చేశాను.

ఆ షెడ్లున్న చోట ఇప్పుడు పన్నెండు అంతస్తుల మేడ ఉంది. కాలవ మీద ఊక పొగ లేదు, అడ్డపొగ తాగే ముసలమ్మలు లేరు, యుద్ధం నాటి జీపులు ఎవరి పెళ్ళికో పూలు చుట్టి తీసే ఫోటోల్లో తప్ప కనిపించవు. నేను నా డ్రైవర్లకి చెప్పే మొదటి మాట, ఎవరు చెప్పినా వినకండి, మీరే దిగి, చక్రం దగ్గర కూర్చుని, మీ చేత్తో తాకి చూడండి అని. మేడమ్ చాలా జాగ్రత్త మనిషి అనుకుంటారు వాళ్ళు. అది జాగ్రత్త కాదు, సిగ్గు. ఎప్పుడైనా సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆ హబ్బు తీసి ఒకసారి తిప్పుతాను. ఇప్పటికీ టక్కుమనే పడుతుంది, మావ పనిలో ఏ లోపమూ లేదు. తరవాత చెయ్యి తనంతట తనే బల్ల మీద రెండుసార్లు చరుస్తుంది. అది విని, దిగి చూడకుండా బండి కదిలించే మనిషి ఇక లేడు.